లాసెట్, క్లాట్ రీజనింగ్‌కు సిద్ధం కావడం ఎలా?

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రాంతాల నుంచి న్యాయవిద్య వైపు వెళ్లాలనుకునే విద్యార్థులకు ప్రధానంగా రెండు ప్రవేశ పరీక్షలు ఎదురవుతాయి. రాష్ట్రంలోని న్యాయ కళాశాలల్లో మూడేళ్ల, ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీ సీట్ల కోసం జరిగేది లాసెట్. శామీర్‌పేటలోని నల్సార్‌తో పాటు దేశంలోని ఇతర జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో ఐదేళ్ల కోర్సు కోసం జరిగేది క్లాట్. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం మాత్రం ఐలెట్ పేరుతో తన పరీక్షను తానే పెట్టుకుంటుంది. మూడింటిలోనూ రీజనింగ్ ఉంటుంది కాబట్టి ఒకే పుస్తకం కొని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా లెక్కలు చేసుకుంటూ పోతే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా మొదలుపెట్టినవారికి తాము చదువుతున్నది ఒక పరీక్షకు, దరఖాస్తు చేసింది మరో పరీక్షకు అన్న సంగతి నెలలు గడిస్తే గానీ తెలిసిరాదు. అందుచేత పుస్తకం తెరవడానికి ముందే పరీక్ష స్వరూపం తెలుసుకోవాలి.

లాసెట్‌లో 120 ప్రశ్నలకు 90 నిమిషాల సమయం ఇస్తారు. మొదటి భాగంలో జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30 ప్రశ్నలు, రెండో భాగంలో వర్తమాన వ్యవహారాలపై 30 ప్రశ్నలు, మూడో భాగంలో న్యాయశాస్త్ర అధ్యయనానికి కావలసిన అభిరుచిని పరీక్షించే 60 ప్రశ్నలు ఉంటాయి. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. అర్హతకు 35 శాతం, అంటే 120కి 42 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఈ కనీస మార్కుల నిబంధన లేదు. ఇందులో రీజనింగ్ చిన్న చిన్న ప్రశ్నల రూపంలో వస్తుంది: సిరీస్, కోడింగ్–డీకోడింగ్, రక్త సంబంధాలు, దిక్కులు, క్యాలెండర్ వంటివి. ఒక్కో ప్రశ్నకు సగటున 45 సెకన్లే దొరుకుతాయి కాబట్టి ఇక్కడ కావలసింది వేగం.

క్లాట్ తీరు పూర్తిగా వేరు. 2020 నుంచి ఈ పరీక్ష మొత్తం ప్యాసేజ్‌ల మీదే నడుస్తోంది. 2023 డిసెంబర్‌లో జరిగిన పరీక్ష నుంచి ప్రశ్నల సంఖ్యను 150 నుంచి 120కి తగ్గించారు. సమయం మాత్రం రెండు గంటలే. అందులో లాజికల్ రీజనింగ్ వాటా 22 నుంచి 26 ప్రశ్నలు. సుమారు 450 పదాల ప్యాసేజ్ ఇచ్చి, దాని కింద వరుసగా కొన్ని ప్రశ్నలు అడుగుతారు. రచయిత ఏం తేల్చాడు, దేని ఆధారంగా తేల్చాడు, పైకి చెప్పకుండా ఏం అనుకున్నాడు, ఏ సమాచారం వస్తే ఆయన వాదన బలపడుతుంది, ఏది వస్తే కూలుతుంది అన్నవే ఎక్కువగా ఉంటాయి. ప్రతి తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. ఐలెట్‌లో 150 ప్రశ్నలకు ఏకంగా 70 లాజికల్ రీజనింగ్‌వే కాబట్టి అక్కడ ఈ విభాగం రాకపోతే మిగిలినవి ఎంత బాగా చేసినా లాభం లేదు.

లాసెట్ ఒక్కటే రాసేవారు కూడా తయారీని వాదనలతోనే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. సిరీస్, కోడింగ్ వంటివి అభ్యాసంతో కొన్ని వారాల్లో పట్టుబడతాయి, వదిలేస్తే అంతే త్వరగా మరుపుకు వస్తాయి. వాదనను విప్పి చూడటం నిదానంగా అలవడుతుంది గానీ, ఒకసారి అలవడితే లాసెట్ మూడో భాగంలో సూత్రం ఇచ్చి, సంఘటన ఇచ్చి తీర్పు అడిగే ప్రశ్నలకూ అదే పనికొస్తుంది.

వాదనను విప్పడం

ఊళ్లో పెద్దమనుషుల ముందు పంచాయితీ జరిగేటప్పుడు ఎవరైనా పొడుగ్గా మాట్లాడుతూ పోతుంటే, అనుభవమున్న పెద్దమనిషి మధ్యలో ఆపి రెండే మాటలు అడుగుతాడు: “అయితే ఏమంటవ్?”, “ఎందుకట్ల అంటున్నవ్?” ప్యాసేజ్‌ను కూడా ఈ రెండు ప్రశ్నలతోనే చదవాలి. మొదటిదానికి వచ్చే జవాబు రచయిత తీర్మానం. రెండోదానికి వచ్చేవి ఆధారాలు. మిగిలిన వాక్యాలు నేపథ్యమో, ఉదాహరణో, ఎదుటివారి వాదనను ప్రస్తావించి పక్కన పెట్టడమో అయి ఉంటాయి. ఈ రెండు జవాబులను ఎవరికి వారు తమ మాటల్లో, ఒక్కొక్క వాక్యంలో చెప్పుకోగలిగితే సగం పని అయినట్టే. చెప్పుకోలేకపోతే ఆప్షన్ల దగ్గరకు వెళ్లి ప్రయోజనం లేదు, ఎందుకంటే అక్కడ నాలుగూ సరైనవిగానే కనిపిస్తాయి.

ఒక చిన్న ఉదాహరణను దగ్గరగా చూద్దాం. “గత ఏడాది మా మండలంలో బత్తాయి తోటలకు డ్రిప్ పెట్టించిన రైతులకు, పెట్టించని రైతుల కంటే ఎకరాకు ఎక్కువ దిగుబడి వచ్చింది. కాబట్టి మండలంలోని బత్తాయి రైతులందరికీ డ్రిప్ రాయితీ ఇస్తే మిగతా తోటల్లోనూ దిగుబడి పెరుగుతుంది.” ఇందులో తీర్మానం రెండో వాక్యం, ఆధారం మొదటి వాక్యం. రెంటి మధ్య ఒక ఖాళీ ఉంది. డ్రిప్ ఉన్న తోటల్లో దిగుబడి ఎక్కువ అన్నది చూసిన సంగతి. డ్రిప్ వల్లనే ఎక్కువ అన్నది వాదించేవాడు కలిపిన మాట. డ్రిప్ పెట్టించగలిగిన రైతు చేతిలో డబ్బున్నవాడై ఉండవచ్చు, అతని బోరులో నీళ్లు బాగా ఉండవచ్చు, చెట్లు మంచి కాపు వయసులో ఉండవచ్చు. ఈ ఖాళీని కనిపెట్టడమే లాజికల్ రీజనింగ్‌లో అసలు పని. ప్రశ్నల పేర్లు ఎన్ని మారినా వాటిలో చాలా భాగం తిరిగేది ఈ ఖాళీ చుట్టూనే.

వాదనను బలహీనపరిచేది ఏదని అడిగితే ఆ ఖాళీని పెద్దది చేసే ఆప్షన్ కావాలి. “డ్రిప్ పెట్టించిన తోటల్లో ఎక్కువ భాగం, డ్రిప్ పెట్టకముందు కూడా మిగతా తోటల కంటే ఎక్కువ దిగుబడే ఇచ్చేవి” అన్నది అలాంటిది. బలపరిచేది ఏదని అడిగితే ఖాళీని పూడ్చే ఆప్షన్ కావాలి. “ఒకే రైతు ఒకే వయసు చెట్లున్న తన తోటలో సగానికి డ్రిప్ పెట్టి, సగానికి పాత పద్ధతిలో పారించగా, డ్రిప్ పెట్టిన సగంలోనే కాపు ఎక్కువ వచ్చింది” అన్నది దాన్ని పూడుస్తుంది. ఇక్కడ విద్యార్థిని పక్కదారి పట్టించే ఆప్షన్లు కూడా ఉంటాయి. “బాటసింగారం పండ్ల మార్కెట్‌లో బత్తాయి ధర పడిపోయింది” అన్నది రైతుకు నిజంగా పెద్ద దెబ్బే, కానీ వాదన ధర గురించి కాదు, దిగుబడి గురించి. “డ్రిప్ పెట్టించడానికి ఖర్చు ఎక్కువవుతుంది” అన్నది కూడా దిగుబడిని తాకదు. పైగా వాదనే రాయితీ గురించి. వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలు ఈ రెండు ఆప్షన్ల దగ్గరే ఎక్కువగా తడబడతారు, ఎందుకంటే ఆ కష్టం వారికి తెలుసు. తెలిసిన కష్టం కనిపించగానే మనసు ఆ ఆప్షన్ వైపు మొగ్గుతుంది.

పైకి చెప్పని ఊహ ఏదని అడిగినప్పుడు ఒక పరీక్ష ఉంది. ఆప్షన్‌ను తిరగేసి చూడాలి. తిరగేసిన మాట నిజమైతే వాదన కూలిపోతే, అదే సరైన జవాబు. “దిగుబడిలోని తేడా అంతా చెట్ల వయసు వల్ల వచ్చింది కాదు” అన్న ఆప్షన్‌ను తిరగేస్తే “తేడా అంతా చెట్ల వయసు వల్లనే వచ్చింది” అవుతుంది. అది నిజమైతే రాయితీ వాదనకు ఆధారమే మిగలదు. అంటే వాదించేవాడు ఆ మాటను పైకి చెప్పకుండానే నమ్ముకున్నాడన్నమాట. “డ్రిప్ లేకుండా బత్తాయి సాగు సాధ్యం కాదు” అన్న ఆప్షన్‌ను తిరగేస్తే “డ్రిప్ లేకుండానూ సాగు సాధ్యమే” అవుతుంది. అయినా వాదనకు వచ్చిన నష్టం లేదు. కాబట్టి అది ఊహ కాదు. ఈ పరీక్షను ఊహల ప్రశ్నలకు మాత్రమే వాడాలి. బలపరిచే ప్రశ్నలకు కూడా వాడబోతే అనవసరంగా సమయం పోతుంది.

తెలిసింది వేరు, తేలింది వేరు

ప్యాసేజ్ నుంచి ఏం తేలుతుంది అని అడిగే ప్రశ్నల్లో పైదానికి పూర్తిగా భిన్నమైన జాగ్రత్త కావాలి. బలపరిచే, బలహీనపరిచే ప్రశ్నల్లో ఆప్షన్ కొత్త సమాచారం తేవచ్చు. తేలేది ఏదన్న ప్రశ్నలో కొత్త సమాచారం ఒక్క ముక్క కూడా రాకూడదు.

నల్లగొండ జిల్లా విద్యార్థికి తప్పకుండా తగిలే ఒక ఉదాహరణ తీసుకుందాం. “తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. ఒక ఊళ్లోని రెండు బోర్లలో మొదటిదాని నీటిలో 3 మిల్లీగ్రాములు, రెండోదాని నీటిలో 1 మిల్లీగ్రాము ఉంది. ఊరివారిలో ఎక్కువమంది మొదటి బోరు నీళ్లే తాగుతున్నారు.” ఇందులోంచి తేలేది ఏమిటి? “ఊరివారిలో కనీసం కొందరు పరిమితికి మించి ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగుతున్నారు” అన్నది కచ్చితంగా తేలుతుంది. “ఊళ్లో చాలామందికి ఫ్లోరోసిస్ ఉంది” అన్నది తేలదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో వంగిన ఎముకలను కళ్లారా చూసినవారికి ఆ ఆప్షన్‌ను వదలడం కష్టమే. అయినా ఆ నీళ్లు వారు ఎన్నేళ్లుగా తాగుతున్నారో ప్యాసేజ్ చెప్పలేదు, జబ్బు ప్రస్తావనే తేలేదు. “రెండో బోరు నీళ్లు తాగేవారికి నీళ్ల వల్ల ఏ హానీ లేదు” అన్నది కూడా తేలదు. ఫ్లోరైడ్ ఒక్కటే కొలిచారు, మిగతావి కొలవలేదు. ఈ తరహా ప్రశ్నల్లో “కనీసం కొందరు”, “కావచ్చు” వంటి మెత్తని మాటలున్న ఆప్షన్లు సాధారణంగా నిలబడతాయి; “అందరూ”, “ఎప్పుడూ”, “ఒక్కటే మార్గం” వంటి కచ్చితమైన మాటలున్నవాటికి ప్యాసేజ్‌లో అంతే కచ్చితమైన ఆధారం ఉందో లేదో వెతకాలి. అలాగని కచ్చితమైన మాట కనిపించగానే కొట్టేయడం కూడా తప్పే. ప్యాసేజ్‌లోనే “అందరూ” అని ఉంటే ఆప్షన్‌లోనూ ఉండవచ్చు.

ప్రకటనలు ఇచ్చి తీర్మానాలు అడిగే సిలాజిజం ప్రశ్నల్లో ఇదే నియమం ఇంకా కఠినంగా పనిచేస్తుంది. “చేనేత చీరలన్నీ గద్వాలలోనే నేస్తారు. పోచంపల్లి చీరలన్నీ చేనేత చీరలే. కాబట్టి పోచంపల్లి చీరలన్నీ గద్వాలలోనే నేస్తారు.” మొదటి ప్రకటన అబద్ధం, తీర్మానం అబద్ధం, అది చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయినా తీర్మానం ప్రకటనలను అనుసరించి వస్తోంది కాబట్టి పరీక్షలో జవాబు “అనుసరిస్తుంది” అనే. దీనికి ఎదురు ఉదాహరణ చూడండి: “గద్వాల చీరలన్నీ చేనేతవి. నారాయణపేట చీరల్లో కొన్ని చేనేతవి. కాబట్టి గద్వాల చీరల్లో కొన్ని నారాయణపేట చీరలు.” ఇక్కడ ప్రకటనల్లో అభ్యంతరం చెప్పవలసింది ఏమీ లేకపోయినా తీర్మానం అనుసరించదు. రెండు గుంపులూ మూడో గుంపులో ఉన్నంత మాత్రాన ఒకదానితో ఒకటి కలవాలని లేదు. ఇలాంటి వాటికి వృత్తాలు గీసి చూడటం మంచి పద్ధతి. అయితే ఒక్క బొమ్మ గీసి ఆగకూడదు. తీర్మానం తప్పయ్యేలా కూడా వృత్తాలు గీయడం వీలవుతుందేమో ప్రయత్నించాలి. వీలైతే ఆ తీర్మానం అనుసరించదు.

“అయితే”తో కూడిన వాక్యాల గురించి కొంత వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే చట్టాల్లోని నిబంధనల్లో చాలా భాగం ఇదే రూపంలో ఉంటాయి. “జూరాల గేట్లు ఎత్తితే దిగువ ఊళ్లలో చాటింపు వేస్తారు” అన్న నియమం ఇచ్చారనుకుందాం. గేట్లు ఎత్తారని తెలిస్తే చాటింపు వేశారని చెప్పవచ్చు. చాటింపు వేయలేదని తెలిస్తే గేట్లు ఎత్తలేదని చెప్పవచ్చు. ఈ రెండే తేలతాయి. చాటింపు వేశారని తెలిసినంత మాత్రాన గేట్లు ఎత్తారని చెప్పలేము, జాతర గురించో గ్రామసభ గురించో వేసి ఉండవచ్చు. గేట్లు ఎత్తలేదు కాబట్టి చాటింపు కూడా లేదనీ చెప్పలేము. పరీక్షలో తప్పు ఆప్షన్లుగా వచ్చేవి ఎక్కువగా ఈ చివరి రెండే. ఇక “అయితేనే” వచ్చిన చోట దిశ తిరగబడుతుంది. ఐదేళ్ల లాసెట్‌కు జనరల్ కేటగిరీలో ఇంటర్‌లో 45 శాతం మార్కులుంటేనే అర్హత. సీటు వచ్చిన జనరల్ అభ్యర్థికి 45 శాతం ఉన్నట్టే; 45 శాతం ఉన్న ప్రతివారికీ సీటు వచ్చినట్టు కాదు. ఇది చదివేటప్పుడు ఎవరికైనా తెలిసిన సంగతిలాగే ఉంటుంది, కానీ 450 పదాల ప్యాసేజ్‌లో మూడు నిబంధనల మధ్య ఇరుక్కుని వచ్చినప్పుడు చేజారుతుంది. అందుకే చిత్తు కాగితం మీద బాణం గుర్తు వేసి రాసుకోవడం అలవాటు చేసుకోవాలి.

వరుసలు, దిక్కులు, క్యాలెండర్

వరుసలో అమర్చే ప్రశ్నలు ఐలెట్‌లోనూ లాసెట్‌లోనూ ఉపయోగపడతాయి. వీటిలో చాలామంది ఇచ్చిన షరతులను ఇచ్చిన క్రమంలోనే వాడబోయి చిక్కుకుంటారు. ఏ షరతు అన్నిటికంటే తక్కువ అవకాశాలు మిగులుస్తుందో దానితో మొదలుపెట్టాలి. ఒక కోర్టులో ఒక రోజు ఐదు కేసులు వరుసగా విచారణకు వచ్చాయి: భూ తగాదా, చెక్ బౌన్స్, భరణం, అద్దె, కౌలు. చెక్ బౌన్స్ అయిన వెంటనే భరణం కేసు వచ్చింది. అద్దె కేసు మొదటిదీ కాదు, చివరిదీ కాదు. కౌలు కేసు భూ తగాదా తర్వాత ఎప్పుడో వచ్చింది. భూ తగాదా మూడోది. ఇక్కడ చివరి షరతుతో మొదలుపెట్టాలి, ఎందుకంటే అది ఒక స్థానాన్ని ఖాయం చేస్తుంది. భూ తగాదా మూడోదైతే చెక్ బౌన్స్, భరణం జంటకు 1–2 స్థానాలో 4–5 స్థానాలో మిగులుతాయి. కౌలు మూడో స్థానం తర్వాత రావాలి కాబట్టి 4, 5లలో ఒకటి దానికి కావాలి. అందుచేత జంట 1–2లోనే ఉండాలి. అద్దె చివరిది కాదు కాబట్టి నాలుగోది, కౌలు ఐదోది. ఊహాగానం లేకుండా నాలుగు అడుగుల్లో తేలిపోయింది.

క్యాలెండర్ ప్రశ్నలకు ఒకే పద్ధతి చాలు. మామూలు సంవత్సరం గడిస్తే వారం ఒక రోజు ముందుకు జరుగుతుంది, మధ్యలో ఫిబ్రవరి 29 వస్తే రెండు రోజులు జరుగుతుంది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014 జూన్ 2 సోమవారం. 2024 జూన్ 2 ఏ వారం? పది సంవత్సరాలకు పది రోజులు; మధ్యలో 2016, 2020, 2024 లీపు సంవత్సరాలు, మూడింటి ఫిబ్రవరి 29 కూడా ఈ వ్యవధిలోనే వచ్చింది కాబట్టి ఇంకో మూడు; మొత్తం 13. ఏడుతో భాగిస్తే శేషం 6. సోమవారం నుంచి ఆరు రోజులు లెక్కిస్తే ఆదివారం. దిక్కుల ప్రశ్నలకు బొమ్మ గీయాలి, రక్త సంబంధాలకు వంశవృక్షం గీయాలి, కోడింగ్‌కు అక్షరాల వరుస సంఖ్యలు కంఠతా రావాలి. వీటి గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు. రోజూ కొన్ని చేస్తూ పోవడమే.

ఇంగ్లిష్ అడ్డు తగిలినప్పుడు

తెలుగు మాధ్యమంలోనో, గురుకులంలో కొన్నేళ్లు మాత్రమే ఇంగ్లిష్ మాధ్యమంలోనో చదివిన విద్యార్థులకు క్లాట్‌లో తర్కం కంటే ముందు భాష అడ్డు తగులుతుంది. దీనికి రెండు పనులను విడదీసి సాధన చేయడం మేలు. వాదనను విప్పే పనిని ముందు తెలుగులోనే నేర్చుకోవచ్చు. నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ జిల్లా గ్రంథాలయాలకు తెలుగు పత్రికలన్నీ వస్తాయి. రోజుకొక సంపాదకీయం తీసుకుని రచయిత ఏం తేల్చాడు, ఎందుకు తేల్చాడు, ఏం చెప్పకుండా దాటేశాడు అని మూడు వాక్యాలు రాయాలి. పది మంది ఒప్పుకునే సంపాదకీయం కంటే మనకు కోపం తెప్పించే సంపాదకీయం ఇందుకు బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఒప్పుకోని వాదనను కూడా ఉన్నదున్నట్టు చెప్పడమే ఇక్కడ పరీక్ష. రాసింది స్నేహితుడికి చూపించి, రచయిత అన్నది ఇదేనా లేక నేను అనుకున్నదా అని అడగాలి.

ఇది కుదిరాక అదే పనిని ఇంగ్లిష్ పత్రికల అభిప్రాయ వ్యాసాలతో చేయాలి, కానీ మూడు వాక్యాలూ తెలుగులోనే రాయాలి. ప్రతి కొత్త మాటకూ నిఘంటువు తెరవకూడదు. తెలియని మాటను దాటి వాక్యం పట్టుకోవడం కూడా అలవాటు కావాలి. మాటల్లో ముందుగా నేర్చుకోవలసినవి పెద్ద పెద్ద పదాలు కావు. అందువల్ల, అయినప్పటికీ, ఒకవేళ, తప్ప, మాత్రమే అన్న అర్థాలిచ్చే చిన్న ఇంగ్లిష్ మాటలు తీర్మానం ఎక్కడుందో, వాదన ఎక్కడ మలుపు తిరిగిందో చూపిస్తాయి. “అయినప్పటికీ” అన్న మాటకు ముందున్నది ఎక్కువసార్లు ఎదుటివారి వాదన, తర్వాతిది రచయిత వాదన. ఈ ఒక్క సంగతి గమనించనివారు ఎదుటివారి మాటనే రచయిత మాటగా గుర్తిస్తారు, ఆ ప్యాసేజ్ కింది ప్రశ్నలన్నీ వరుసగా పోతాయి.

పాత పేపర్లు, మాక్ టెస్టులు, కీ

క్లాట్ పాత ప్రశ్నపత్రాలు, ఆ పరీక్షను నిర్వహించే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల కన్సార్షియం (కూటమి) వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. 2020 నుంచి వచ్చినవే లాజికల్ రీజనింగ్‌కు కొలమానంగా తీసుకోవాలి; అంతకుముందువి వేరే పద్ధతిలో ఉంటాయి కాబట్టి వాటిని లాసెట్, ఐలెట్ అభ్యాసానికి వాడుకోవచ్చు. కోచింగ్ కోసం హైదరాబాద్‌లో రూమ్ తీసుకుని ఉండాలా అని అడిగేవారికి నేను చెప్పేది, ముందు ఈ పాత పేపర్లను ఇంటి దగ్గరే సమయం చూసుకుని రాసి, తప్పులు దేనివల్ల వస్తున్నాయో తెలుసుకోమనే. భాష వల్ల వచ్చే తప్పుకు లాజిక్ క్లాసు మందు కాదు.

మాక్ టెస్ట్ రాసిన తర్వాత చేసే పని, టెస్ట్ రాయడం కంటే విలువైనది. తప్పయిన ప్రతి ప్రశ్నకు నోట్‌బుక్‌లో సరైన జవాబు ఏదో రాయడం సరిపోదు; మనం పెట్టిన తప్పు ఆప్షన్ మనకు ఎందుకు నచ్చిందో రాయాలి. “వాదన దిగుబడి గురించి అయితే నేను ధర వైపు వెళ్లాను”, “ప్యాసేజ్‌లో కొందరు అని ఉంటే నేను అందరూ అని చదివాను”, “రెండు ఆప్షన్లు మిగిలాక మళ్లీ ప్యాసేజ్ చూడకుండా గుర్తుపెట్టాను” — ఇలా. కొన్ని టెస్టుల తర్వాత ఒకే రకమైన కారణం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఆ కారణం మీద పని చేయాలి, కొత్త పుస్తకం మీద కాదు. సరైన జవాబు పెట్టినా ఎందుకు పెట్టామో చెప్పలేని ప్రశ్నలను కూడా తప్పుల్లోనే లెక్కించాలి.

కీని కూడా గుడ్డిగా నమ్మవలసిన పని లేదు. 2024 డిసెంబర్ 1న జరిగిన క్లాట్ కీలో తప్పులున్నాయంటూ అభ్యర్థులు వేసిన కేసులు ఢిల్లీ హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. ప్రైవేటు మాక్ టెస్టుల కీలలో పొరపాట్లు అంతకంటే మామూలు. కీతో విభేదించినప్పుడు ముందు మన కారణాన్ని రాయాలి, కీ ఇచ్చిన కారణాన్ని పక్కన రాయాలి, రెండింటినీ ప్యాసేజ్‌లోని వాక్యంతో పోల్చాలి. ప్యాసేజ్‌లో వాక్యం చూపించలేనిది మన కారణమే అయితే నిస్సంకోచంగా ఒప్పుకోవాలి.

పరీక్షలో సమయం

క్లాట్‌లో లాజికల్ రీజనింగ్‌కు 25 నుంచి 30 నిమిషాలకు మించి కేటాయించలేము. ప్యాసేజ్‌ను ఒకసారి నిదానంగా చదివి తీర్మానం దగ్గర గీత గీసుకోవడం, రెండుసార్లు హడావుడిగా చదవడం కంటే తక్కువ సమయం తీసుకుంటుంది. ప్రశ్నలు ముందు చదవాలా, ప్యాసేజ్ ముందు చదవాలా అన్న చర్చకు అంతులేదు. ప్రశ్నలను ఒక చూపు చూసి ఏ రకానివో తెలుసుకుని, ఆప్షన్లు చూడకుండా ప్యాసేజ్‌కు వెళ్లడం ఎక్కువమందికి కుదురుతుంది. క్లాట్ మధ్యాహ్నం 2 గంటల నుంచి 4 గంటల వరకు జరుగుతుంది కాబట్టి, చివరి వారాల్లోనైనా మాక్ టెస్టులను భోజనం చేసిన తర్వాత ఆ వేళకే కూర్చుని రాయాలి. తెల్లవారుజామున చురుగ్గా పనిచేసే బుర్ర రెండింటికి అంత చురుగ్గా ఉండదు. జవాబులను ప్యాసేజ్ పూర్తయినప్పుడల్లా ఓఎంఆర్ షీట్‌లో నింపాలి, చివర్లో ఒకేసారి నింపడానికి వదలకూడదు.

తెలియని ప్రశ్నలను ఏం చేయాలన్నది లెక్కతో తేలేదే. క్లాట్‌లో నాలుగు ఆప్షన్లలో ఏదీ కొట్టేయలేక 16 ప్రశ్నలకు ఊహించి పెడితే, సగటున నాలుగు సరై 4 మార్కులు వస్తాయి, 12 తప్పై 3 మార్కులు పోతాయి. మిగిలేది ఒక్క మార్కు. దానికోసం సమయం పెట్టడం దండగ. అదే రెండు ఆప్షన్లను కారణంతో కొట్టేయగలిగితే 16 ప్రశ్నల్లో సగటున ఎనిమిది సరై 8 మార్కులు వస్తాయి, ఎనిమిది తప్పై 2 పోతాయి, 6 మిగులుతాయి. కాబట్టి రెండు మిగిలిన చోట ధైర్యంగా పెట్టాలి, నాలుగూ మిగిలిన చోట దాటి ముందుకు వెళ్లాలి. లాసెట్‌లో ఈ లెక్కే అవసరం లేదు; మార్కుల కోత లేదు కాబట్టి చివరి రెండు నిమిషాలు అట్టిపెట్టుకుని, మిగిలిపోయిన ప్రతి ప్రశ్నకూ ఏదో ఒక ఆప్షన్ గుర్తించి బయటికి రావాలి.